కోళ్ల మీద ఓటు

మార్చి రెండో గురువారం సాయంత్రం 6:40కి, హాలిఫాక్స్‌లోని ఓ చర్చి హాల్లో, కోళ్ల మీద ఓటింగ్ జరిగింది.

ఎనిడ్ హార్డ్‌కాసిల్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బస్సు రాలేదు. బూట్లకింకా తోట మట్టి ఉంది.

సభ్యులు తలా ఓ మడి అద్దెకు తీసుకుని సాగుచేసుకునే క్రాస్ లేన్ తోటల్లో కోళ్లను నిషేధిస్తున్నట్టు జనవరిలో కమిటీ నోటీసు పెట్టింది. ఎనిడ్ మడిలో పదకొండు కోళ్లున్నాయి. సభ్యులు అడ్డుపడకపోతే మార్చి నెలాఖరుకల్లా అవి పోవాలి.

ఆమె తలుపు తీసేసరికి అధ్యక్షుడు క్లైవ్ పెంబర్టన్ తీర్మానం చదువుతున్నాడు. నలభై ఏళ్లు లాయరు దగ్గర గుమాస్తాగా చేసిన మనిషి. ‘వద్దు’ అన్న మాట అతని నోట రాదు. నిరాకరించడం, నిషేధించడం, తోసిపుచ్చడం, రద్దుపరచడం, ఇవే వస్తాయి.

కోళ్లు, నిషేధం అన్న మాటలు చెవిన పడగానే ఎనిడ్‌కు ఒళ్లు మండింది.

“ఆపు క్లైవ్! నీ కోర్టు భాష నీ దగ్గరే ఉంచుకో. నా కోళ్లు నిన్నేం చేశాయయ్యా? నీ క్యాబేజీ మీద పడ్డాయా?”

“కాస్త కూర్చో ఎనిడ్, మళ్లీ చదువుతాను.”

“చదివింది చాలు! గుడ్లు కావాలి గానీ కోళ్లు అక్కర్లేదా మీకు? ఒంట్లో చీమూ నెత్తురూ ఉంటే దీనికి వ్యతిరేకంగా చెయ్యెత్తండి!”

వెనక వరుసలో ఎవరో బల్ల చరిచారు.

“తీర్మానానికి అనుకూలురు?” అన్నాడు క్లైవ్.

మూడు చేతులు లేచాయి. ఒకటి పక్క మడి సిరిల్ గాస్కిన్‌ది. పదేళ్లుగా ఆమె దగ్గర వారం వారం అరడజను గుడ్లు పట్టుకెళ్తున్నవాడు.

“నువ్వా సిరిల్? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?”

“అది కాదు ఎనిడ్, నా మాట విను...”

“నోర్ముయ్! చెయ్యి దించు!”

సిరిల్ ముఖం కందగడ్డయింది. చెయ్యి మాత్రం దించలేదు.

“వ్యతిరేకులు?”

ఎనిడ్ రెండు చేతులూ ఎత్తింది. ఒకటే లెక్కలోకి వస్తుందన్నాడు క్లైవ్. హాలంతా నవ్వింది. నవ్వుతూనే చేతులెత్తింది.

చప్పట్ల మధ్య ఎనిడ్ సిరిల్‌ను దాటుకుంటూ, అతని వైపు చూడకుండా బయటికి నడిచింది.

మర్నాడు తోట గేటుకు ఫలితం అంటించారు: “కోళ్లపై కమిటీ విధించిన నిషేధాన్ని తోసిపుచ్చాలంటూ సిరిల్ గాస్కిన్ పెట్టిన తీర్మానం, అనుకూలంగా మూడు, వ్యతిరేకంగా ముప్పై ఎనిమిది ఓట్లతో వీగిపోయింది.”