రాత్రి వంతు

"రాత్రి ఏసుకొని పండుకున్న సాక్స్ పిండితే నీళ్లు కారినయ్ అమ్మా. ఉప్పగున్నయ్ సుత," అంది డోరా మళ్లీ.

"చెమట సుత ఉప్పగనే ఉంటది. ఫ్యాన్ కింద పండుకో అంటే వినవు," అని తల్లి సరోజిని కసిరింది.

పెళ్లయ్యాక డోరా, ఆషర్ అండమాన్ దీవుల మధ్య తిరుగుతూ తెరచాప పడవలోనే కాపురమున్నారు. రాత్రిళ్లు ఒకరు కాపలా ఉంటే ఒకరు నిద్రపోయేవారు. తన వంతు అయ్యాక ఆషర్ వచ్చి ఆమె కాలి బొటనవేలు నొక్కి లేపేవాడు. ఒక రాత్రి ఎవరూ లేపలేదు. తెల్లారి చూస్తే పడవ మీద డోరా ఒక్కతే ఉంది. శవం కూడా దొరకలేదు.

ఇప్పుడు మౌలాలిలో, పుట్టింట్లో, రోజూ రాత్రి ఎవరో ఆ వేలు నొక్కుతున్నారు.

ఆ రాత్రి సరోజిని కూతురి పక్కనే పడుకుంది. రైళ్ల చప్పుడు ఆగిపోయాక తడి చెయ్యి ఒకటి ఆమె పాదాన్ని తడిమింది. కాసేపు ఆగింది. ఈ పాదం కాదన్నట్టు మెల్లగా వదిలేసి, పక్క పాదం వెతుక్కుంది.

పొద్దున్న అందరూ చాయ్ తాగుతుంటే సరోజిని చెమట మాట ఎత్తలేదు.

"డాడీ, ఆ పడవ అమ్మొద్దు. రేపు పోతున్న," అంది డోరా నెమ్మదిగా. "నేను పోయి కాపలా కూర్చుంటే గానీ ఆషర్ పండుకోడు."