మాట్లాడే షీటు

ఫ్లెక్సీ మీదున్న నాయకుడు చేసినవన్నీ ఆ ఫ్లెక్సీయే చెప్పాలని చట్టం వచ్చాక నూకరత్నం ఇంట్లో మనశ్శాంతి కరువైంది. ఎన్నికలవగానే సముద్రం ఒడ్డునున్న పేటంతా చేసినట్టే ఆవిడా ఎమ్మెల్యే ఫ్లెక్సీ విప్పుకొచ్చి, బొమ్మ లోపలికి పెట్టి ఇంటికప్పు మీద కట్టింది. ఇక కింద ఎవరు మసిలినా అది ఆయన గొంతుతోనే అందుకునేది.

"మడ అడవులు నరకడానికి ఓటేశాను. సముద్రానికి అడ్డుగోడ వద్దన్నాను. బొగ్గు ప్లాంటుకి చెయ్యెత్తాను."

చేపలు తోముతున్నా అదే పాట, మనవరాలికి జడేస్తున్నా అదే పాట.

"తిరగేసి కట్టత్తా, చెవులు చిల్లులు పడిపోతన్నాయి," అంది కోడలు కాసులు.

"బొమ్మ ఎండలో పెడితే షీటు చివికిపోద్దే. విని ఊరుకో."

మళ్లీ ఓట్లొచ్చాయి. పేటలోకొచ్చిన ఎమ్మెల్యే, వాన దంచేసరికి వంగి వీళ్లింట్లోకే దూరాడు. నెత్తిమీద తన గొంతే మొదలెట్టింది. వెనకున్న వీధులు రెండూ సముద్రంలో కలిసిపోయిన నాటి నుంచీ ఆయన్ని అడగాలని నూకరత్నం దాచుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి.

ఆయన మాత్రం చివరిదాకా తాపీగా విన్నాడు.

"అన్నీ నిజాలేనమ్మా. షీటు కారట్లేదు కదా?"

ఆవిడ పైకి చూసింది. చుక్క పడలేదు. వెనకగోడకి అల కొట్టుకున్న చప్పుడైంది.

"కారట్లేదు బాబూ," అంది నూకరత్నం. "ఈసారి ఇంకాస్త పెద్దది ఏయించండి. ఇల్లు పోతే పిల్లలతో దాని కిందే ఉండాలి."