అరవై మైళ్లు

"బొంబాయి నుంచి హైదరాబాదుకు నాలుగు వందల మైళ్లు. గాలిమోటరు రెండున్నర గంటలల్ల దిగింది," అన్నాడు ఐలేశం, పొద్దున్నుంచి ఐదోసారి.

దవాఖాన కాంపౌండరు సీసాలు కడుక్కుంటూ పోయాడు.

"హైదరాబాదు నుంచి నల్లగొండకు అరవై మైళ్లు. తెల్లారి ఐదింటికి ఎల్లిన బస్సు పది దాటినా రాలే. గిదేం లెక్క?"

మంచం మీద ఆరేళ్ల కూతురు కౌసల్యకు ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. కంఠసర్పి. గొంతు మూసుకుపోతోంది. ఇక్కడ మందు లేదని డాక్టరు బొంబాయికి తంతి కొట్టించాడు. మందు నిన్న రాత్రి విమానం దిగింది, ఈరోజు మొదటి బస్సెక్కింది. మధ్యాహ్నంలోగా సూది పడకపోతే తన చేతుల్లో లేదని డాక్టరు చెప్పనే చెప్పాడు.

భార్య లీలమ్మకు ఓపిక నశించింది.

"నీ లెక్కలతోని నా పానం పోతాంది. ఇంటికి పొయ్యి పడుగన్న చూసుకో. బస్సొస్తె కబురంపుత."

పద్మశాలి వాడలో, మగ్గానికి ఎక్కించాల్సిన నిలువు పోగుల పడుగు వీధికి అడ్డంగా సాగదీసి ఉంది. తమ్ముడు సాయిలు అప్పుడే గంజి పట్టించాడు. ఐలేశం కుంచె అందుకుని, దువ్వుకో తిట్టు చొప్పున బస్సు డ్రైవరును తిట్టసాగాడు. వాడు ఏ కల్లు దుకాణంలో పడున్నాడో అన్నాడు. వాడికి పిల్లలుంటే తెలిసేదన్నాడు.

తడి పడుగును దాటకూడదు, లేపకూడదు, పోగులు తెగిపోతాయి. ఆ వాడలో కుక్కలకు కూడా ఆ సంగతి తెలుసు.

సరిగ్గా అప్పుడే ఒకడు సైకిలు మీద వచ్చి పడుగు ముందు దిగాడు. ఒంటి మీద బనీను తప్ప అంగీ లేదు. ఒళ్లంతా దుమ్ము. చిరిగిన ప్యాంటులోంచి మోకాలి నెత్తురు పాదం దాకా కారింది. వెనక ఏదో గోనె మూట, నీళ్లోడుతోంది.

"అన్నా, జర పడుగు లేపుర్రి. దవాఖానకు పోవాలె."

"మోకాలి దెబ్బకు పానం పోదు. సుట్టు తిరిగి పో."

"అది కాదన్నా..."

"గా బస్సు డ్రైవరు నన్ను సతాయిస్తున్నది సాలదా? మళ్ల నువ్వొకనివి. పొమ్మంటె పోవాలె."

వాదిస్తే ఇంకా ఆలస్యమనుకున్నాడో ఏమో, వచ్చినవాడు సైకిలు తిప్పి మూడు వాడల చుట్టు దారి పట్టాడు.

గంట తర్వాత కబురొచ్చింది. ఐలేశం కుంచె పారేసి పరుగెత్తాడు.

సూది పడింది. కౌసల్య నిద్రపోతోంది. ఇంకో పావుగంట అయితే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు.

"మొత్తానికి వచ్చిందన్నట్టు బస్సు," అన్నాడు ఐలేశం.

"బస్సేడిది? నార్కట్‌పల్లి కాడ ఇరుసు ఇరిగి ఆడ్నే ఉన్నది," అన్నాడు కాంపౌండరు.

"మరి మందు?"

"ఒకాయన సైకిలు అడుక్కొని పన్నెండు మైళ్లు తొక్కుకుంట తెచ్చిండు. మందు సుట్టు పెట్టిన మంచుగడ్డ కరగొద్దని అంగీ సుత దానికే సుట్టిండు. తొవ్వల పడి మోకాలు కొట్టుకపోయింది, కట్టు కడతనంటె ఆగలే."

ఐలేశం గుమ్మం దాకా వెళ్లి రోడ్డు వైపు చూశాడు.

"ఎందుకాగలే?"

"ప్యాసింజర్లు ఎండల కూసున్నరట. డ్రైవరు గద, బస్సు కాడికే ఉరికిండు."