ఏడో గొట్టంలో వెలుగు

"అక్కా, నీ లెక్కయినా తప్పయ్యుండాలి, నా దీపమైనా చెడిపోయుండాలి," అంది గొట్టాలమ్మ, లెక్కలావిడతో. ప్రయోగశాలలో వాళ్ళిద్దరినీ అందరూ అలాగే పిలుస్తారు. నీలం దీపం కింద ఏడో గొట్టం ఎర్రగా వెలుగుతోంది.

అది వెలగకూడదు. వాళ్ళు తయారుచేసిన అణువు వింతది. దానికో తోక ఉంది. తోక ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నంతసేపూ, మింగిన వెలుతురునంతా వేడిగా వదిలేసి చీకటిగా ఉంటుంది. కేన్సరు గడ్డ రక్తంలోకి వదిలే ఓ ప్రోటీను ఆ తోకను పట్టుకుంటేనే వెలుగుతుంది. ఆ ఎరుపును కంప్యూటర్లో ముందే లెక్కగట్టింది లెక్కలావిడ.

ఈ పది గొట్టాల్లో ఉన్నది జబ్బు లేనివాళ్ళ రక్తం. పోలిక కోసం, దొరికినవాళ్ళను అడిగి తీసుకున్నది. పేర్లుండవు, నంబర్లే; ఎవరి నంబరు వాళ్ళకే తెలుసు. తొమ్మిది చీకటిగానే ఉన్నాయి.

"ఒక్కటి తప్పినా పరీక్ష తప్పే. శుక్రవారంలోగా తేల్చండి, లేదంటే ఈ పని మూసేద్దాం," అన్నారు ప్రయోగశాల పెద్దాయన.

దీపం మార్చి చూశారు. మళ్ళీ ఎరుపే.

లెక్కలావిడకు భయం వెయ్యలేదు. ఏమీ అనిపించలేదు. కంప్యూటర్లో లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. నీళ్ళు కలిపి చేసింది, ఉప్పు కలిపి చేసింది. రక్తంలో ఉండే వేరే ప్రోటీన్లు నలభై తెచ్చి తోక దగ్గర పెట్టింది. ఒక్కటీ పట్టుకోలేదు. మూడు రోజులు ఏం తిన్నదో ఆమెకే గుర్తులేదు.

"నీ కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు కదా. ఇప్పుడేంటక్కా, నీ తప్పు నువ్వే వెతుక్కుంటున్నావు?"

"నాలుగోది దొరికితే బాగుండునని."

దొరకలేదు. శుక్రవారం పొద్దున్నే పెద్దాయన బల్ల మీద కాగితాలు పెట్టింది.

"లెక్కలో తప్పు లేదండీ. ఆ ఎరుపు రావాలంటే ఆ ప్రోటీను ఉండి తీరాలి. రక్తం ఇచ్చిన మనిషికి జబ్బుంది."

పెద్దాయన కుర్చీలోంచి లేచారు. "అంటే డాక్టర్లకన్నా ముందే మనం పట్టుకున్నామన్నమాట. గట్టెక్కించావమ్మా."

గొట్టాలమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. అంతలోనే ఆగింది.

"పాపం, ఆ మనిషికి ఈ మాట ఎవరు చెప్తారక్కా?"

"ఎవరూ చెప్పక్కర్లేదు," అంది లెక్కలావిడ, "ఆ రక్తం నాదే."