చూడదగ్గ చోట్లు

శనివారం పొద్దున్నే భార్యతో కలిసి వెళ్ళి పాలు తీసుకుని తిరిగొచ్చిన వడ్రంగి, తాళంచెవి తలుపుకు పెట్టి తిప్పాడు. తిరగలేదు. నొక్కి పట్టి మళ్ళీ తిప్పాడు. లోపల్నుంచి "ఎవరదీ?" అని ఓ ఆడగొంతు కేకేసింది.

"ఏమనుకోకండమ్మా, మా ఇల్లనుకున్నాం," అంటూ భార్య అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

ఆ కాలనీలో ఇళ్ళన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే. అవే గోడలు, అవే కిటికీలు, అదే నీలం రంగు తలుపు. ముప్పై ఏళ్ళు తలుపులు చేసి బతికిన మనిషి తన తలుపేదో పోల్చుకోలేకపోయాడు. అతనికి తల కొట్టేసినట్టయింది.

రెండేళ్ళు చుట్టాలిళ్ళల్లో సర్దుకున్నాక, వాళ్ళు ఈ ఊరికొచ్చి పదహారు రోజులైంది. లారీలోంచి దించిన పెట్టెల్లో మూడు, కట్టిన తాడు కట్టినట్టే ముందుగదిలో పడి ఉన్నాయి. విప్పుదామంటే ఆమె "చూద్దాం లెండి" అంటుంది. ఆ మాట విని విని అతనికి విసుగెత్తిపోయింది. అందుకే, కొత్తగా పనికి కుదిరిన చెక్కపని షెడ్డులో రెండు రోజులు సెలవు దొరకగానే గట్టిగా అనుకున్నాడు, ఈమెను ఊరంతా తిప్పాలని, ఒక్కసారైనా నవ్వించాలని.

ఎదురింటి నర్సమ్మ చూడదగ్గ చోట్లన్నీ కాగితం మీద రాసిచ్చింది. పార్కు, బజారు, గుట్ట, సరస్సు.

"సరస్సు మాత్రం వదలొద్దన్నయ్యా. పడవలు కూడా వేశారు. ఇంత దగ్గరుండి చూడకపోతే ఎలా?" అంది.

భార్య కాగితంలో చివరనున్న ఆ పేరు మీద గోటితో గీత గీసింది. "ఇది వద్దు."

పార్కుకు వెళ్తే గేటుకు తాళం. మొక్కలు నాటుతున్నారట, నెల దాకా ఎవర్నీ రానివ్వరట. బజారులో ఏ కొట్టు ముందు ఆగినా ఆమెది ఒకటే మాట, "మనకెందుకు?" కుట్టుమిషను సూదులు కూడా కొననివ్వలేదు. ఉన్నాయంది. ఎక్కడున్నాయంటే, పెట్టెలో అంది.

సరే, కాస్త గాలైనా తగులుతుందని గుట్ట ఎక్కించాడు. మూడొందల మెట్లు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా పంటి బిగువున ఎక్కాడు. పైన జనం గుంపులుగా నిలబడి, దూరంగా కొత్త ఆనకట్టనూ, దాని వెనక మెరుస్తున్న నీళ్ళనూ ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమె అటు వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి కూర్చుని పల్లీలు ఒలుచుకుంది.

"ఒక్కసారి ఇటు తిరగొచ్చుగా."

"ఎండ కళ్ళల్లో కొడుతుంది."

"ఎండ ఇటు లేదు, నీ మొహం మీదే ఉంది."

ఆమె అరచేతిలోని పొట్టు ఊదేసింది.

ఆదివారానికి గొడవ ముదిరింది.

"ఈ రోజు సరస్సుకు వెళ్తున్నాం," అన్నాడు చెప్పులేసుకుంటూ.

"అక్కడ చూడ్డానికేం మిగిలిందని?"

"అందరూ చూస్తున్నారుగా!"

"చూడనివ్వండి."

అతనికి ఒళ్ళు మండిపోయింది. "పదహారు రోజుల్నుంచీ చూస్తున్నా. పెట్టె విప్పవు. గోడకు మేకు కొట్టనివ్వవు. పక్కింటివాళ్ళతో మాట కలపవు. బతుకంతా ఇక ఇక్కడే కదా! నేను మాత్రం ఎగిరి గంతేస్తున్నానా? ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలిగా! రాకపోతే మానెయ్, నేనొక్కణ్ణే పోతా."

విసురుగా వాకిలి దాటాడు. పది అడుగులు వేశాడో లేదో, వెనక చెప్పుల చప్పుడు.

"మిమ్మల్నొక్కర్నే అక్కడికి పంపను," అంది ఆమె. గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది అతనికి.

బస్సులో కాలు పెట్టే సందు లేదు. నలభై నిమిషాలు నిలబడే వెళ్ళారు. 'ఇంత దగ్గర' అన్న నర్సమ్మను దారి పొడుగునా మనసులో తిట్టుకున్నాడు.

ఒడ్డున రంగురంగుల గొడుగులు, ఐస్‌క్రీం బళ్ళు, మైకులో పాటలు. నీళ్ళలో తేలే జాకెట్లిచ్చారు. తన జాకెట్టు బెల్టుతో అతను కుస్తీ పడుతుంటే, ఆమె వచ్చి టక్కున బిగించింది.

పడవలో వాళ్ళిద్దరే. పడవ నడిపే ఆయన నడివయసు మాటకారి, ఇంజను మోత మీదుగా అరిచి మరీ చెబుతున్నాడు.

"నీళ్ళు చూశారా, అద్దంలా లేవూ! చలికాలమైతే కొంగలు ఎన్నొస్తాయనుకున్నారు!"

ఆమె కొంగల సంగతి వినలేదు. నీళ్ళ వంకా చూడలేదు. ఎడమవైపు గుట్టనూ కుడివైపు గుట్టనూ మార్చి మార్చి చూస్తోంది. ఉన్నట్టుండి చెయ్యెత్తింది.

"ఇక్కడ ఆపండి."

"ఇక్కడేముందమ్మా? ఇంకాస్త ముందుకెళ్తే దీవి ఉంది. ఫోటోలు బాగొస్తాయి."

"కాసేపే. ఇంజను కూడా ఆపండి."

"ఏంటి నీ గోల, ఆయన దీవి చూపిస్తానంటుంటే..." అంటూ వడ్రంగి, ఆమె చూస్తున్న వైపే తానూ చూశాడు. ఎడమన గుట్ట, కుడిన గుట్ట, వాటి నడుమ తమ పడవ. తడుముకుంటూ ఆమె పక్కన చేరి కూలబడ్డాడు.

ఇంజను ఆగింది. పడవ అడుగును నీళ్ళు తడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పడవాయన వాళ్ళ వైపు తిరిగాడు.

"కొత్తవాళ్ళలా ఉన్నారు. ఇంతకీ ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

ఆమె పడవ అంచు మీదికి వంగి, వేలితో తిన్నగా కిందికి, నీళ్ళలోకి చూపించింది.