ఊ కొట్టేవాడు

నా కోతల కథలు నేనే ఫోన్లో పెడతానండి. చదువు రాదు గానీ నోరుంది, చాలు. ఊళ్ళో సిగ్నల్ అందదని చీకటిపడ్డాక కృష్ణా కరకట్ట ఎక్కి లైవ్ పెడతాను.

మా బావ ప్రభుదాసుకి అదో ఎగతాళి. "ఒరే యోసేపూ, కథంటే ఊ కొట్టేవాడుండాలి. నీకు ఒక్కడున్నాడా? రేపు చూపించు, లేకపోతే ఆ ఛానల్ మూసెయ్!"

"చూపిస్తాలే బావా," అన్నాను.

ఆ రాత్రి చూసేవాళ్ళు సున్నా. అయినా మొదలెట్టాను. "మా తాత కొరమీనుకి కళ్ళెం వేసి, కాలవలో గుడివాడ సంతకెళ్ళాడండి."

"ఊ."

ఫోన్లోంచి కాదు. కట్ట కింద రెల్లులోంచి. అప్పటిదాకా అరుస్తున్న కప్పలు టక్కున ఆగిపోయాయి.

"సంతలో ఆ చేపే బేరాలాడింది."

"ఊ." ఈసారి కట్ట మీదే.

టార్చి వేశాను. ఎవరూ లేరు. గడ్డి మాత్రం మనిషి కూర్చున్నంత మేర అణిగి ఉంది. కానీ కథ మధ్యలో లేచి పారిపోతే బావ గెలిచినట్టేగా? చేపకి పెళ్ళి కూడా చేసి, కథ పూర్తిచేశాను.

"ఊ." నా భుజం పక్కనే. ఫోన్ ఆరిపోయింది.

నేను కదల్లేదండి. "కూర్చో, ఇంకోటి చెప్తాను. కానీ తెల్లారాక మా బావ ముందు కూడా ఇలాగే ఊ కొట్టాలి," అన్నాను.



ఆ గొంతే మెల్లగా అడిగింది.

"మీ బావ ఇల్లెక్కడ?"