మింగిన బిస్కెట్లు

“చెప్పులు కూడా విప్పేసి ఎక్కండి సార్,” అంది డైటీషియన్.

విప్పాడు. జేబులోని తాళాలు, పర్సు, ఫోను తీసి భార్య చేతిలో పెట్టి మళ్ళీ ఎక్కాడు. బరువు యంత్రం ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగి నూట ఇరవై ఏడున్నర దగ్గర ఆగింది. రెండు వారాల కిందట ఇదే యంత్రం నూట ఇరవై ఎనిమిది చూపించింది. అతనికి బాధ కలగలేదు, కోపమూ రాలేదు. ఎవరి బరువో చూసినట్టు చూసి దిగిపోయాడు.

పొట్ట సైజు తగ్గించే ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు గట్టి తిండి ముట్టకూడదు. కొవ్వు తీసిన పాలలో కలిపిన ప్రోటీన్ పొడి రోజుకి నాలుగు గ్లాసులు, వడగట్టిన కూరగాయల నీళ్ళు, అంతే. అలా ఉంటే ఉబ్బిన కాలేయం కాస్త కుదించుకుని సర్జన్ చేతికి చోటిస్తుందట. కనీసం ఐదు కిలోలు తగ్గి రమ్మన్నారు. తగ్గింది అరకిలో. పొద్దున తీసిన స్కానింగ్‌లో కాలేయం ఎంత ఉబ్బిందో అంతే ఉంది.

డైటీషియన్ నోట్‌బుక్ తిరగేసింది. ఏ గ్లాసు ఎన్ని గంటలకి తాగాడో అతని భార్య ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టింది. ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

“ఇంట్లో ఇవన్నీ ఎవరు కలుపుతారు?”

“నేనే. ఆయన్ని వంటింటి గడప తొక్కనివ్వడం లేదు,” అంది భార్య.

అందులో అబద్ధమేమీ లేదు. గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, అడుగు కనిపించేదాకా తాగించి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళేది. అతను కూడా మారుమాట్లాడకుండా తాగేవాడు. ఆపరేషన్ జరిగినా సరే, జరగకపోయినా సరే అన్నట్టుండేవాడు.

ఇంట్లో తప్పు దొరక్కపోయేసరికి డైటీషియన్ ఉద్యోగం గురించి అడిగింది. అతనిది బిస్కెట్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం. పొయ్యిలోంచి వచ్చిన ప్రతి విడతలోంచీ ఒకటి తీసి, నమిలి, రుచి తెలియగానే పక్కనున్న డబ్బాలో ఉమ్మేయాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పిండిలో చిటికెడు ఉప్పు తగ్గినా, చెంచాడు చక్కెర పెరిగినా, ఏ షిఫ్టులో ఎవరి చేయి తడబడిందో కూడా చెప్పేస్తాడని అక్కడ పేరు. ఆ పేరు మీదే సంసారం నడుస్తోంది.

“అంటే రోజంతా నోట్లో బిస్కెట్లే,” అంది డైటీషియన్. “నిజం చెప్పండి సార్. ఉమ్మేస్తున్నారా, మింగేస్తున్నారా?”

అతను భార్య వైపు చూశాడు. ఆమె ఒళ్ళోని తాళాల గుత్తిని చూస్తూ కూర్చుంది.

“మింగాను,” అన్నాడు.

“కంచే చేను మేస్తే ఇంక మేమేం చెయ్యగలం?”

డైటీషియన్ విసుగ్గా నోట్‌బుక్ మూసేసి సర్జన్ దగ్గరికి పంపింది. ఆయన తిట్టలేదు. నిద్రలో ఊపిరి ఆగిపోవడం ఎక్కువైందనీ, ఈ బరువుని గుండె ఇంకెన్నాళ్ళు మోస్తుందో తను చెప్పలేననీ నెమ్మదిగా చెప్పాడు. ఇంకో రెండు వారాలు గడువిచ్చాడు. అప్పటికీ తగ్గకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తాననీ, మళ్ళీ అడగొద్దనీ అన్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి.

“నిజంగా మింగారా?” అని అడిగింది భార్య.

“ఆ.”

“ఎన్ని?”

“ఎవరు లెక్కపెట్టారు?”

మరో రోజైతే బస్సంతా వినేలా కడిగిపారేసేది. ఇప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అసలు ఈ ఆపరేషన్ అంటే ఆమెకి మొదటినుంచీ గుండె దడే. ఐదేళ్ళ కిందట వాళ్ళన్నయ్య హెర్నియా ఆపరేషన్‌కి జోకులేస్తూ వెళ్ళాడు. సాయంత్రానికల్లా వచ్చేస్తానన్న మనిషి మత్తులోంచి లేవనే లేదు. ఆపరేషన్ తేదీ చెప్పిన రోజున, లావుగా ఉంటే ఉన్నారు, కళ్ళెదుట ఉంటే నాకదే చాలని ఏడ్చింది. అతను నచ్చజెప్పాక కళ్ళు తుడుచుకుని, సరే, అయితే మీ తిండి సంగతి నేనే దగ్గరుండి చూసుకుంటానంది. ఆ రోజునుంచి పోలీసులా కాపలా కాస్తోంది.

ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసు వేళ దాటిపోయింది మరి. పొడి డబ్బా మూత తీసిన చప్పుడైంది. అతను కుర్చీలో కూలబడ్డాడు. గుండె ఎన్నాళ్ళు మోస్తుందో చెప్పలేనన్న మాట అప్పుడు తగిలింది. రెండు వారాలుగా మొద్దుబారిన మనసులో భయం కదిలింది. భయం వేసినందుకు ఒక రకంగా ప్రాణం లేచొచ్చినట్టయింది.

లేచి వెళ్ళి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

“మీరెందుకు వచ్చారు? కూర్చోండి, తెస్తాను.”

“నాకు బతకాలనుంది,” అన్నాడు.

ఆమె చేతిలోని చెంచా ఆగింది. “అయితే ఆ బిస్కెట్ల జోలికి పోకండి. ఈ రెండు వారాలూ సెలవు పెట్టండి,” అంది.

“పెడతాను.”

మిక్సీ మూత పెట్టబోతున్న ఆమె భుజం మీద మెల్లగా చేయి వేశాడు.

“ఈసారి వెన్న కలపకు.”